ఏపీ కోర్సులు: టెక్సస్ హైస్కూల్లో పిల్లలను చదివిస్తున్న ఒక తల్లి సమీక్ష

అమెరికాలో హైస్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్లలో సంక్రాంతి వెళ్లగానే వచ్చే విద్యాసంవత్సరానికి ఏ కోర్సులు పెట్టించాలన్న చర్చ మొదలవుతుంది. ఎక్కడ మొదలైనా అది చివరికి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ దగ్గరికే, అంటే మనమంతా ఏపీ అని పిలిచే, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల దగ్గరికే వచ్చి చేరుతుంది. కాలేజీ బోర్డు అనే సంస్థ రూపొందించి, స్కూళ్ల ద్వారా బోధింపజేసి, మే నెలలో పరీక్ష పెట్టి, ఒక్కో పరీక్షకు ఇంతని రుసుము తీసుకునే ఈ కార్యక్రమాన్ని నేనిక్కడ మనం కొనుక్కునే ఒక సేవగానే పరిగణించి సమీక్షిస్తున్నాను. దీనికి మనం పెట్టే డబ్బు తక్కువేమీ కాదు, పిల్లలు పెట్టే సాయంత్రాలు అంతకంటే ఎక్కువ. అయినా ఒక కుక్కరు కొనేముందు చదివినన్ని సమీక్షలు కూడా దీని గురించి చదవకుండా, పక్కింటివాళ్లు ఎన్ని తీసుకున్నారో కనుక్కుని అన్నే పెట్టించేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు.

మేము డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారు పట్టణంలో ఉంటాం. మా అమ్మాయి ఈ కోర్సులు చదివి కాలేజీకి వెళ్లింది. మా అబ్బాయి ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. కనుక ఇందులో ఉన్నది టెక్సస్ ప్రభుత్వ పాఠశాలల అనుభవమని, కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికి కొన్ని లెక్కలు మారతాయని గమనించగలరు. నా తీర్పు ముందే చెప్పేస్తాను. కోర్సులుగా చూస్తే వీటిలో ఎక్కువభాగం మంచివి, రెండు మూడు చాలా గొప్పవి, కొన్ని మాత్రం జీపీఏ (గ్రేడుల సగటు) కోసమే ఉన్నట్టుంటాయి. పరీక్ష నాణ్యమైనదే, కానీ దాని ఫలితం చెప్పే పద్ధతి నాకు నచ్చలేదు. ఎన్ని తీసుకుంటే అంత మేలన్న నమ్మకం మాత్రం ఈ సేవను అమ్మేవారికంటే మనమే ఎక్కువగా పెంచి పోషించుకున్నదని నా అభిప్రాయం.

ఈ కార్యక్రమం కొత్తదేమీ కాదు. చురుకైన పిల్లలు హైస్కూలు చివర్లో చదివిన పాఠాలనే కాలేజీ మొదటి ఏడాదిలో మళ్లీ చదువుతున్నారన్న గమనింపుతో, 1950ల తొలినాళ్లలో ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో జరిగిన అధ్యయనాల నుంచి ఇది పుట్టింది. 1955లో కాలేజీ బోర్డు నిర్వహణ బాధ్యత తీసుకుంది. ఇప్పుడు దాదాపు 40 సబ్జెక్టులున్నాయి. మార్కు 1 నుంచి 5 వరకు ఉంటుంది; 3 వస్తే ఉత్తీర్ణత కిందే లెక్క. టీచరు తన సిలబస్‌ను పంపి ఆమోదం పొందితే తప్ప ఏ స్కూలూ తన కోర్సుకు ఏపీ పేరు పెట్టుకోకూడదన్న నిబంధన 2007 నుంచి అమల్లో ఉంది. ఆ కట్టడి వల్లే, మారుమూల పట్టణంలోని స్కూల్లో చదివినా పెద్ద నగరంలో చదివినా కోర్సులో ఉండాల్సిన సారం దాదాపు ఒకటే ఉంటుంది. బోధించే మనిషిని బట్టి తేడా మాత్రం ఎలాగూ తప్పదు.

ఈమధ్యే హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన మా మరిది, మా ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూలు డిస్ట్రిక్టువారి కోర్సుల పుస్తకం మొత్తం తిరగేసి, “వదినా, ఇందులో ఎంపీసీ ఎక్కడుంది?” అని అడిగాడు. ఆయన అడగడం సహజమే. మన దగ్గర పదో తరగతి తర్వాత గ్రూపు ఎంచుకుంటే చాలు, రెండేళ్ల సబ్జెక్టులన్నీ దాని వెంట వచ్చేస్తాయి. ఆ తర్వాత భారమంతా ప్రవేశ పరీక్ష మీద ఉంటుంది. ఇక్కడ గ్రూపు ఉండదు. ప్రతి సంవత్సరం, ప్రతి సబ్జెక్టులోనూ ఏ స్థాయి తీసుకోవాలో విడివిడిగా తేల్చుకోవాలి, ఆ నాలుగేళ్ల ఎంపికలే స్కూలు ఇచ్చే గ్రేడుల పత్రమైన ట్రాన్‌స్క్రిప్టు మీద వరసగా కనబడతాయి. కాలేజీకి దరఖాస్తు పంపేటప్పుడు, చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో స్కూలు కౌన్సెలర్ నింపే నివేదికలో ఒక ప్రశ్న ఉంటుంది: మీ స్కూల్లో కాలేజీకి సిద్ధమవుతున్న మిగతా విద్యార్థులతో పోలిస్తే ఈ విద్యార్థి తీసుకున్న కోర్సులు ఎంత కఠినమైనవి? దానికి అయిదు మెట్ల జవాబులుంటాయి, అన్నింటికంటే పైది “అత్యంత కఠినం” అన్న అర్థం వచ్చే గడి. ఈ పోలిక ఆ స్కూలు పిల్లలతోనే తప్ప దేశంలో అందరితోనూ కాదు. నివేదికతోపాటు స్కూలు ప్రొఫైలు కూడా వెళ్తుంది, అందులో ఆ స్కూలు ఏయే ఏపీలు అందిస్తుందో ఉంటుంది. కనుక 8 ఏపీలున్న స్కూల్లో 6 చదివిన పిల్లకూ, 30 ఉన్న స్కూల్లో 6 చదివిన పిల్లకూ ఆ జవాబు ఒకేలా ఉండదు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే “మంచి కాలేజీకి ఇన్ని ఏపీలు కావాలి” అన్న అంకెకు ఆధారం లేకపోవడానికి కారణం ఇదే.

ఇక కోర్సుల విషయానికి వస్తే, నేను మారు ఆలోచన లేకుండా అయిదు నక్షత్రాలిచ్చేది కాల్‌క్యులస్ బీసీకి. దీనికంటే ఒక మెట్టు కింద ఉండే కాల్‌క్యులస్ ఏబీలో ఉన్నదంతా ఇందులో ఉంటుంది. దానికి అదనంగా అనంత శ్రేణులు, పోలార్, పారామెట్రిక్ సమీకరణాలు వస్తాయి, పరీక్షలో ఏబీ భాగానికి విడిగా ఉపమార్కు కూడా ఇస్తారు. ఇంటర్మీడియట్‌లో లెక్కలు బాగా చేసిన తల్లిదండ్రులు మొదట చూసినప్పుడు “ఇంతేనా” అనుకుంటారు, ఎందుకంటే మనం కట్టిన చిక్కుముడి ఇంటిగ్రల్స్ ఇందులో కనిపించవు. అసలు కఠినత్వం వేరేచోట ఉంది. పరీక్ష రెండో భాగంలో ఆరు పెద్ద ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 9 మార్కులు, మొత్తం గంటన్నర. ఒక ట్యాంకులోకి నీళ్లు వచ్చే వేగం పట్టికగా ఇచ్చి, ఫలానా సమయంలో నీటిమట్టం గరిష్ఠమవుతుందా, కారణం చూపండి అంటారు. మా అమ్మాయి ఒక అభ్యాసంలో సమయం సరిగ్గానే కనిపెట్టింది, ప్లస్ మైనస్ గుర్తుల గీత కూడా గీసింది, అయినా కారణానికి మార్కు రాలేదు. డెరివేటివ్ ఆ బిందువు దగ్గర ధనాత్మకం నుంచి రుణాత్మకానికి మారుతోందని వాక్యంగా రాయాలి, “అది మారుతోంది” అని సర్వనామంతో సరిపెట్టకుండా ఏది మారుతోందో పేరుపెట్టి చెప్పాలి. గుర్తుల గీత ఒక్కటే ఉంటే ఒప్పుకోరు. జవాబు వస్తే చాలు, ఓఎంఆర్‌లో గడి నింపితే చాలు అని పెరిగిన మనకు ఇది చాదస్తంగా అనిపించవచ్చు కానీ, తరవాత ఇంజనీరింగులో చేరిన పిల్లకు నిజంగా పనికొచ్చింది ఈ క్రమశిక్షణే అని నేను గట్టిగా చెప్పగలను.

అయితే కాల్‌క్యులస్ నిర్ణయం హైస్కూల్లో జరిగేది కాదు. పన్నెండో తరగతిలో కాల్‌క్యులస్ చదవాలంటే, వెనక్కి లెక్కపెడితే, పదకొండులో ప్రీకాల్‌క్యులస్, పదిలో ఆల్జీబ్రా 2, తొమ్మిదిలో జామెట్రీ, ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 అయి ఉండాలి. అంటే ఆరో తరగతిలో ఏ లెక్కల సెక్షన్లో వేశారన్నదే అసలు మలుపు. 2023లో టెక్సస్ చేసిన చట్టం ప్రకారం, అయిదో తరగతి రాష్ట్ర గణిత పరీక్షలో పై 40 శాతంలో ఉన్న పిల్లలను ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ గణితంలో స్కూలే చేర్చాలి; వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసివ్వాలి. ఇది మంచి చట్టం, ఎందుకంటే అడగడం తెలియని ఇళ్ల పిల్లలు ఇంతకుముందు ఇక్కడే వెనకబడేవారు. మన ఇళ్లలో ఉన్న జబ్బు దీనికి తలకిందులది. వేసవిలో జామెట్రీ పుస్తకం నాలుగు వారాల్లో చదివించి, పరీక్ష రాసి క్రెడిట్ (కోర్సు పూర్తయినట్టు గుర్తింపు) తెప్పించి, పదకొండో తరగతికే కాల్‌క్యులస్‌లో కూర్చోబెడతారు. తొమ్మిదో తరగతిలో నిదానంగా రుజువులు రాయడం నేర్చుకోవాల్సిన పిల్లవాడు ఆ మెట్టు దాటేస్తే, రెండేళ్ల తరవాత “కారణం చూపండి” అన్న ప్రశ్న ముందు తడబడతాడు. లెక్కల్లో నిజంగా ఆసక్తి ఉండి వాళ్లంతట వాళ్లే పరిగెత్తే పిల్లల సంగతి వేరు, వాళ్లను ఎవరూ ఆపక్కర్లేదు.

2023లో మొదలైన ఏపీ ప్రీకాల్‌క్యులస్‌కు మూడు నక్షత్రాలు. పన్నెండో తరగతిలో దానితోనే లెక్కలు ముగించే పిల్లలకు అది ఉపయోగమే, కొందరికి కాలేజీలో ఒక కోర్సు తప్పుతుంది. ఎలాగూ కాల్‌క్యులస్ చదవబోయే పిల్లలకు దాని క్రెడిట్‌తో పనిలేదు. అయినా మా ఊళ్లో వాళ్లే ఎక్కువగా తీసుకుంటున్నారు, ఎందుకో ర్యాంకు సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

మన పిల్లల తల్లిదండ్రులు తక్కువగా అంచనా వేసేదీ, నేను కాల్‌క్యులస్ పక్కనే నిలబెట్టేదీ వరల్డ్ హిస్టరీ. దాని పాఠం 1200వ సంవత్సరం నుంచి మొదలవుతుంది, మొదటి యూనిట్‌లోనే దక్షిణాసియా రాజ్యాలకు ఉదాహరణగా విజయనగరం వస్తుంది, ఆ వారం మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలు బాగా సాగాయని ఒప్పుకోవాలి. కానీ ఈ కోర్సు ప్రాణమంతా పత్రాల ఆధారంగా రాసే వ్యాసంలో ఉంది. ఏడు చారిత్రక పత్రాలిస్తారు, గంట సమయం, ఏడు మార్కులు. ఒక మార్కు వాదనకు, ఒకటి నేపథ్యానికి, ఒకటి పత్రాల్లో లేని బయటి ఆధారానికి, ఇలా ముక్కముక్కగా పంచుతారు. తెలివైన పిల్లలు కూడా మొదట్లో చేసేది ఏమిటంటే, మొదటి పత్రంలో ఇలా ఉంది, రెండో పత్రంలో అలా ఉంది అంటూ ఏడింటికీ సారాంశం వరసగా రాసుకుపోవడం. మా అమ్మాయి అలాంటి వ్యాసమే తెస్తే టీచరు అంచున “ఇందులో పత్రాలు మాట్లాడుతున్నాయి, నువ్వెక్కడున్నావు?” అని రాశారు. భారతీయ నూలు వస్త్రాల గురించి ఒక బ్రిటిష్ అధికారి రాసిన నివేదిక ఇచ్చారనుకోండి, అందులో ఏముందో చెప్పడంతో పని కాదు. ఆయన ఎవరికి రాశాడు, ఎందుకు రాశాడు, ఆ స్థానంలో ఉన్న మనిషి ఏది దాచడానికి అవకాశముంది అన్నది చెప్పి, దాన్ని తన వాదనకు కలుపుకోవాలి. పదిహేనేళ్ల వయసులో ఇది నేర్చుకున్న పిల్ల, తరవాత కాలేజీ దరఖాస్తు వ్యాసాల దగ్గర ఎవరి సాయం కోసమూ చూడలేదు. ఈ కోర్సును “బట్టీ సబ్జెక్టు” అని కొట్టిపారేసి, ఆ స్థానంలో కంప్యూటర్ కోర్సు మరొకటి పెట్టించేవారు ఏం వదులుకుంటున్నారో ఒకసారి ఆలోచించాలి.

మిగతావాటి గురించి క్లుప్తంగా. తొమ్మిదో తరగతిలో ఇక్కడ చాలామంది తీసుకునే హ్యూమన్ జాగ్రఫీ మొదటి ఏపీగా సరైనది, భారం మరీ ఎక్కువ కాదు, చదివే అలవాటు పట్టుబడుతుంది. ఫిజిక్స్ 1లో కాల్‌క్యులస్ ఉండదు కనుక తేలికనుకుంటారు, కానీ సూత్రంలో అంకెలు వేయడానికి బదులు ఎందుకు జరిగిందో వివరించమంటారు. జేఈఈ పుస్తకాలతో తయారైన పిల్లలు కూడా ఇక్కడ దెబ్బతినడం చూశాను. ఇంజనీరింగుకు వెళ్లేవారు కాల్‌క్యులస్‌తోపాటో, తరవాతో, కాల్‌క్యులస్ వాడే ఫిజిక్స్ సీ చదివితే మంచిది. కంప్యూటర్ సైన్స్ ఏ జావా మీద నడుస్తుంది, గట్టి కోర్సే. కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్ అన్నది పరిచయ స్థాయి కోర్సు, రెండింటినీ ఒకే బరువుతో చూడకూడదు. ఇంగ్లిష్ లాంగ్వేజ్ మూడు వ్యాసాల పరీక్ష, పదకొండో తరగతిలో దాన్ని తప్పించడానికి దారులు వెతక్కండి.

స్పానిష్ విషయం మాత్రం ఇంకొంచెం చెప్పాలి. ఏపీ భాషల జాబితాలో తెలుగు లేదు, హిందీ కూడా లేదు, కనుక మన పిల్లలు ఎక్కువగా స్పానిషో ఫ్రెంచో తీసుకుంటారు. టెక్సస్‌లో డిప్లొమాకు రెండేళ్ల భాష చాలు. రెండేళ్లు కాగానే మానిపించి, ఆ గంటలో మరొక ఏపీ సైన్సు పెట్టించడం మన ఊళ్లో రివాజు. కానీ ఎంపిక గట్టిగా ఉండే కాలేజీలు నాలుగేళ్ల ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, చరిత్రతోపాటు ఒకే భాషను నాలుగేళ్లు చదవడాన్ని కూడా మెచ్చుతాయి. హార్వర్డ్ తన సూచనల్లో ఆ మాట రాతపూర్వకంగానే చెబుతుంది. అయిదో సైన్సు ఏపీకంటే నాలుగో ఏడాది స్పానిష్ ఆ నివేదికలో ఎక్కువ బరువు తూగగలదు, అదీకాక టెక్సస్‌లో డాక్టరో లాయరో కావాలనుకునే పిల్లకు స్పానిష్ వచ్చి ఉండటం ఎంత లాభమో చెప్పనక్కర్లేదు.

ఇక ర్యాంకు. టెక్సస్‌లో ఈ కోర్సుల ఎంపికను వంకర తిప్పేది ఇదే. 1997లో వచ్చిన చట్టం ప్రకారం హైస్కూలు తరగతిలో మొదటి 10 శాతంలో ఉన్న రాష్ట్ర విద్యార్థులకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది, దానికి లెక్కల్లో ఆల్జీబ్రా 2తో సహా డిప్లొమాలో పైస్థాయి కూడా సాధించి ఉండాలి. ఆస్టిన్‌లోని యూటీకి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు) మాత్రం విడి లెక్క ఉంది. అక్కడ 6 శాతంగా ఉన్న హద్దును 2026 శరదృతువులో చేరేవారికి 5 శాతానికి తగ్గించారు. వెయ్యిమంది ఉన్న తరగతిలో యాభయ్యో ర్యాంకుకూ అరవయ్యో ర్యాంకుకూ జీపీఏ తేడా వందో వంతుల్లో ఉంటుంది. మా డిస్ట్రిక్టులో ఏపీ కోర్సుకు 6, అడ్వాన్స్‌డ్ కోర్సుకు 5.5, మామూలు కోర్సుకు 5 లెక్కన పాయింట్లు వేస్తారు. కనుక ప్రీకాల్‌క్యులస్‌కు ఏపీ పేరు రాగానే తరగతి తరగతంతా దానికి మారిపోయింది. మామూలు బరువున్న ఆర్కెస్ట్రానో చిత్రలేఖనమో తీసుకుంటే, అందులో నూటికి నూరు వచ్చినా సగటు కిందికి లాగుతుందని పిల్లలు వాటిని వదిలేస్తారు. కొన్ని డిస్ట్రిక్టులు ఈ చిక్కు చూసి ర్యాంకుకు ప్రధాన సబ్జెక్టులనే లెక్కేస్తున్నాయి. మీ డిస్ట్రిక్టులో ఎలా ఉందో ఎనిమిదో తరగతిలోనే అడిగి తెలుసుకోండి. ఇంకొక మాట, మొదటి 5 శాతంలో ఉన్నందుకు యూటీలో సీటు వస్తుందే కానీ కోరిన కంప్యూటర్ సైన్సో ఇంజనీరింగో బిజినెస్సో వస్తుందన్న హామీ లేదు. ఆ నిర్ణయం దరఖాస్తు మొత్తం చదివి విడిగా తీసుకుంటారు. ఆర్కెస్ట్రా వదిలేసి తెచ్చుకున్న ఆ వందో వంతు, సీటు దగ్గర పనిచేసినా కోరిన బ్రాంచి దగ్గర పనిచేయకపోవచ్చు.

ఈ ఆందోళన మీద బతికే ప్రైవేటు సలహాదారులు మన ఊళ్లలో ఎక్కువే. పేరు చెప్పను కానీ, మేము వెళ్లిన ఒక సలహాదారు మా అమ్మాయితో ఒక్క ప్రశ్న కూడా వేయకుండానే నాలుగేళ్ల పట్టిక అచ్చువేసి చేతిలో పెట్టారు. అందులో 14 ఏపీలున్నాయి, పదకొండో తరగతిలో కెమిస్ట్రీ, ఫిజిక్స్, బయాలజీ మూడూ ఒకేసారి ఉన్నాయి. ప్రయోగశాల ఉన్న సైన్సు కోర్సులు మూడు ఒకే ఏడాది చదివే పిల్లకు వారంలో మిగిలే గంటలెన్ని అని అడిగితే, “అందరూ చేస్తున్నారు మేడమ్” అన్నారు. ఫీజు చాలా భారీ. స్కూలు కౌన్సెలర్ ఈ సలహా ఉచితంగా ఇస్తారు, పైగా ఆ కఠినత్వపు గడి నింపేది వారే. వారి దగ్గర వందల మంది పిల్లలుంటారు కనుక ఫిబ్రవరిలో కాకుండా అక్టోబరులోనే అపాయింట్‌మెంట్ తీసుకుంటే నిదానంగా మాట్లాడతారు.

పరీక్ష సేవ గురించి. ఒక్కో పరీక్షకు 2025లో రుసుము 99 డాలర్లు, తక్కువ ఆదాయమున్న కుటుంబాలకు తగ్గింపు ఉంది. పరీక్ష మేలో అయినా నమోదు నవంబరు మధ్యలోనే ముగుస్తుంది. ఆ తర్వాత చేరితే 40 డాలర్లు అదనం, నమోదు చేసుకుని రాయకపోతే 40 డాలర్ల రుసుము పడుతుంది. కోర్సు ఎలా సాగుతోందో తెలియకముందే డబ్బు కట్టించుకునే ఈ పద్ధతిని కాలేజీ బోర్డు 2019లో తెచ్చింది, అది వారి సౌకర్యానికే తప్ప మన సౌకర్యానికి కాదు. 2025 నుంచి ఎక్కువ సబ్జెక్టుల పరీక్షలు బ్లూబుక్ అనే యాప్‌లో జరుగుతున్నాయి. లెక్కలు, సైన్సుల్లో మల్టిపుల్ ఛాయిస్ తెర మీద, పెద్ద జవాబులు కాగితం మీద. 2020లో కోవిడ్ వల్ల 45 నిమిషాల పరీక్ష ఇళ్లలో పెట్టినప్పుడు జవాబుల ఫొటోలు ఎక్కక చాలామంది జూన్‌లో మళ్లీ రాయాల్సి వచ్చింది, ఆ సంగతి గుర్తున్నవారికి యాప్ అంటే కాస్త భయం ఉండటంలో వింతలేదు. నాకున్న అసలు అభ్యంతరం ఫలితం గురించి. ఏడాది చదువుకూ, మూడు గంటల పరీక్షకూ జులైలో వచ్చేది ఒక్క అంకె. ఏ వ్యాసంలో ఎన్ని మార్కులు పోయాయో, ఎందుకు పోయాయో దానితోపాటు రాదు. దీనికి ఎదురుగా మెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది: పాత సంవత్సరాల పెద్ద ప్రశ్నలు, మార్కులు వేసే పద్ధతి, నిజం విద్యార్థులు రాసిన నమూనా జవాబులు అన్నీ ఉచితంగా బయట పెడతారు, ఏపీ క్లాస్‌రూమ్ అనే ఆన్‌లైన్ ఖాతాలో వీడియో పాఠాలు కూడా ఉచితమే. గంటకు ఇంతని ట్యూషన్ పెట్టించే ముందు ఆ నమూనా జవాబులు పిల్లల చేత చదివించండి, సగం ట్యూషన్ అక్కడే అయిపోతుంది.

మార్కు తెచ్చుకున్నాక అది ఎక్కడ చెల్లుతుందన్నది ప్రతి కాలేజీకీ వేరు. టెక్సస్‌లో 2015 చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీలు, యూనివర్సిటీలు 3 వచ్చినా క్రెడిట్ ఇవ్వాలి. ఎక్కువ మార్కు కావాలంటే అందుకు ఆధారం చూపి నిర్ణయించుకోవాలి. అలా వచ్చిన క్రెడిట్లతో ఒక సెమిస్టరు, కొందరికి ఏడాది ఖర్చు నిజంగానే తగ్గుతుంది, ఈ సేవలో డబ్బుకు తగ్గ విలువ కంటికి కనిపించే చోటు ఇదొక్కటే. బయటికి వెళ్తే లెక్క మారుతుంది. ఎంఐటీలో కాల్‌క్యులస్ బీసీలో 5 వస్తే మొదటి కాల్‌క్యులస్ కోర్సు క్రెడిట్ వస్తుంది. కాల్‌టెక్ ఏపీకి క్రెడిట్ ఇవ్వదు. డార్ట్‌మత్ 2018 బ్యాచి నుంచి క్రెడిట్ ఆపేసి పై కోర్సులో కూర్చోనివ్వడానికే వాడుతోంది. యేల్ 2024లో ప్రకటించిన విధానంలో ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష స్థానంలో ఏపీ మార్కులను కూడా పరీక్షగా పంపుకోవచ్చు. పన్నెండో తరగతిలో రాసే పరీక్షల ఫలితాలు ప్రవేశాలు ముగిశాక జులైలో వస్తాయి కనుక, వాటికి ప్రవేశంతో సంబంధం లేదు. ఏప్రిల్‌లో ఏ కాలేజీ అన్నది తేలాక, అక్కడ క్రెడిట్ రానిదైతే ఆ పరీక్ష రాయాలా అన్నది నిదానంగా ఆలోచించవచ్చు. కోర్సులో గ్రేడు మాత్రం జారకూడదు, చివరి ట్రాన్‌స్క్రిప్టు చూసి ఇచ్చిన సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీలకు ఉంది.

ప్రత్యామ్నాయంగా, స్థానికంగా ఉండే రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీతో కలిపి నడిపే డ్యూయల్ క్రెడిట్ ఉంది, అంటే ఒకే కోర్సుకు హైస్కూల్లోనూ కాలేజీలోనూ క్రెడిట్ వస్తుంది. ఇందులో మే నెల పరీక్ష గండం లేదు, కోర్సులో వచ్చిన గ్రేడే క్రెడిట్. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల మధ్య 42 క్రెడిట్ గంటల కోర్ (అందరూ చదవాల్సిన మౌలిక కోర్సుల) పాఠ్యక్రమం బదిలీ అవుతుంది కనుక రాష్ట్రంలోనే చదవబోయే పిల్లకు ఇది ఏపీకంటే నమ్మకమైన బేరం. కానీ ఆ గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్టు మీద శాశ్వతంగా ఉండిపోతుంది, పదహారేళ్ల వయసులో వచ్చిన సీ గ్రేడును తరవాత మెడికల్ స్కూలు కూడా చూస్తుంది. బోధన స్థాయి కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియేట్) డిప్లొమా ఉన్న స్కూలు దగ్గర్లో ఉంటే అది మంచి చదువే, అయితే ఆరు సబ్జెక్టుల కట్ట మొత్తం తీసుకోవాలి, ఏపీలా ఒక్కొక్కటి ఏరుకోవడం కుదరదు.

మా అబ్బాయి పదో తరగతికి ఈ ఫిబ్రవరిలో ఇచ్చిన జాబితాలో ఏపీలు రెండే ఉన్నాయి, వరల్డ్ హిస్టరీ, కంప్యూటర్ సైన్స్ ఏ. ఇంగ్లిష్, ఆల్జీబ్రా 2, కెమిస్ట్రీ అడ్వాన్స్‌డ్ స్థాయిలో, స్పానిష్ మూడో ఏడాది, ఆర్కెస్ట్రాలో వయొలిన్. కౌన్సెలర్ చూసి, వాడికి లెక్కల మీద ఉన్న ఇష్టాన్ని బట్టి పదకొండులో ఫిజిక్స్, పన్నెండులో బీసీ పెట్టుకుంటే పై గడికి ఇబ్బంది ఉండదన్నారు. ఆర్కెస్ట్రా వల్ల జీపీఏ ఎంత తగ్గుతుందో వాడే లెక్కవేసి చూపించాడు, చూశాక కూడా ఉంచమన్నాడు, ఉంచాం.